బ్రెజాక్ దొరల కాగితం మీద ఎర్ర ముద్ర

డాక్యుమెంట్ కంట్రోలర్ అంటే ఏం పని అని ప్రొద్దుటూరులో మావాళ్లు ఇరవై ఆరేళ్లుగా అడుగుతూనే ఉన్నారు. నేను చెబుతూనే ఉన్నాను, వాళ్లు తలలు ఊపుతూనే ఉన్నారు. పోయినసారి సెలవుకు వెళ్లినప్పుడు మా పెద్దబావ ఒక్క మాటలో తేల్చేశాడు: "అంటే కాగితాలకు కావలి కాస్తావన్నమాట." నాకు ఒళ్లు మండింది. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేననిపించింది.

సౌదీలోని ఈ యాన్బులో ఇవి నా చివరి రోజులు. ఇక ఇంటికే అని పాస్‌పోర్టుకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, టికెట్ రావాలి. ఆఫీసుకు పోనక్కర్లేదు కాబట్టి పొద్దున్నే సముద్రం వైపు నడుస్తాను. చలికాలం కదా, మంచు కమ్మి రిఫైనరీ గొట్టాలు కనిపించవు. వాటి కొసన మండే మంట మాత్రం ఏ ఆధారమూ లేకుండా ఆకాశంలో వేలాడుతూ ఉంటుంది. దాన్నే చూస్తూ కూర్చుంటే ఇరవై ఆరేళ్లూ నిన్న మధ్యాహ్నం తీసిన కునుకులా అనిపిస్తాయి. ఆ మత్తులోనే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తే సంతోషం. ప్రమోషన్ల గురించి మాత్రం అడక్కండి. రెండు వచ్చాయి, రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

ముద్ర

మా పని ఇది. పంపు ఎక్కడ పెట్టాలో, పైపు ఎటు తిరగాలో ఇంజినీర్లు డ్రాయింగ్ గీస్తారు. మొదటిదానికి సున్నా నంబరు. మార్చి గీస్తే ఒకటి, మళ్లీ మారిస్తే రెండు. కొత్తది రాగానే పాతవన్నీ సైటు నుంచి వెనక్కు తెప్పించి వాటి మీద ఎర్ర ముద్ర కొట్టాలి. 'సూపర్‌సీడెడ్' అని ఉంటుంది ఆ ముద్రలో. దీని కాలం చెల్లింది, దీన్ని నమ్మి పని చెయ్యొద్దు అని దాని భావం. అలాగని పాతదాన్ని చించకూడదు, పారెయ్యకూడదు. ముద్ర కొట్టి బీరువాలో భద్రం చెయ్యాలి. ఇప్పుడంతా కంప్యూటర్లోనే జరుగుతోంది గానీ ధర్మం మారలేదు.

మొదటి ఏడాది ఒక పాత డ్రాయింగ్ నా కన్నుగప్పి సైట్లో ఉండిపోయింది. దాన్ని చూసి పైపును జానెడు పక్కకు వెల్డింగ్ చేశారు. అప్పటి మా బాసు అబూ సమీర్ అనే ఈజిప్టు పెద్దాయన. ఒక్క మాట తిట్టలేదు. నన్ను సైటుకు తీసుకెళ్లి, ఆ పైపును మళ్లీ కోయడం పూర్తయ్యేదాకా ఎండలో నిలబెట్టాడు. కోసిన మనిషి జగిత్యాల రాజేశం. పని ముగించి, నడుం పట్టుకుని లేచి, నా వైపు చూశాడు.

"అన్నా, నీ కాగితం తప్పైతే నా నడుం ఇరుగుతది" అన్నాడు.

అంతే. వేరేవాడైతే ఆ మాట గోడ మీద రాసుకునేవాడు. నేను ఏకంగా ఆయన రూములోనే చేరిపోయాను. ఇప్పటికీ ఇద్దరిదీ ఒకే రూము. ఆ రోజు నుంచి, కంప్యూటర్లొచ్చాక కూడా, సిరా నింపిన ఎర్ర ముద్ర నా చొక్కా జేబులో ఉండేది. పాత కాగితం కంటపడితే చాలు, చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. మంచి అలవాటేనని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను.

దొరగారు

మిస్టర్ ఎతియెన్ మా ప్రాజెక్టులో నాణ్యత చూసే మేనేజరు. ఫ్రాన్స్ మనిషి, అరవై దాటాయి. ఉన్నమాట చెప్పాలంటే పొగరుబోతు. డ్రాయింగులో తప్పు దొరికితే దాన్ని చచ్చిన ఎలుకలా రెండు వేళ్లతో పట్టుకొచ్చి నా టేబుల్ మీద పడేసేవాడు. కానీ తప్పు తనదని తేలితే అదే టేబుల్ ముందు నిలబడి "నాదే" అనేవాడు. ఆ మాట అనగలిగిన మేనేజర్లను నా సర్వీసులో ముగ్గురినే చూశాను.

ఒకరోజు తలుపు మూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సొంత పని ఒకటి ఉంది, శుక్రవారాలు కొంచెం సాయం చేస్తారా అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆయన దొర. మాటవరసకు కాదు, నిజంగానే. కోంత్ ద బ్రెజాక్ అని ఆయన బిరుదు. కోంత్ అంటే మన సంస్థానాల్లో రాజుగారి కింద ఉండే దొర లాంటివాడు. వాళ్ల పూర్వీకుడొకడు రాజు సైన్యానికి నది దాటడానికి పడవలిచ్చాడట. అందుకు రాజు మేకతోలు కాగితం మీద రాసి, ముద్ర వేసి, వంశపారంపర్యంగా ఆ బిరుదు ఇచ్చాడు. ఇప్పుడు దానివల్ల వచ్చేదేమీ లేదు. పొలాలు పోయాయి, ఆయన తండ్రి కోటనూ అమ్మేశాడు. ఉన్నదల్లా ఒక ట్రంకు పెట్టె. ఏ దేశంలో ఉద్యోగమైతే ఆ దేశానికి దాన్ని మోసుకెళ్తూ యాన్బు దాకా తెచ్చుకున్నాడు.

వాళ్ల ఊరి చర్చిలో ఆ దొరలందరి పేర్లతో ఒక రాతిఫలకం పెడుతున్నారు. ఎవరి తర్వాత ఎవరో ఆయన రెండు నెలల్లో రాసి పంపాలి. ట్రంకులోని కాగితాలు కలగాపులగం.

"వేల డ్రాయింగుల్లో అడిగినదాన్ని క్షణంలో తీసిస్తారు మీరు. పదకొండు మంది మనుషుల్ని వరుసలో పెట్టలేరా?" అన్నాడు.

పదకొండో మనిషి ఆయనే. ఫలకం మీద చివరి మాట కూడా ఆయన ముందే ఖాయం చేసుకున్నాడు: 'పదకొండవవాడు, ఆఖరివాడు.' ఎందుకంటే ఆయనకు కొడుకులు లేరు. క్లేర్ అని ఒక్కతే కూతురు. రాజు కాగితం ప్రకారం బిరుదు మగవాళ్లకే వస్తుంది. క్లేర్‌కు పద్నాలుగేళ్లప్పుడు ఈయన ఆ కాగితం చూపించి, ఇది నాతో సరి అన్నాడట. మరి నేనెవర్ని అని ఆ పిల్ల అడిగిందట. ఈయన నవ్వాడు. ఆ నవ్వును ఆమె అప్పటిదాకా క్షమించలేదు. అప్పటికామెకు నలభై. పండక్కి ఒక ఫోను, అదీ రెండు నిమిషాలు. ఇదంతా ఆయన నా ముఖం చూడకుండా, కాఫీ కలుపుతూ చెప్పాడు. చెప్పడం అయ్యాక, మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగాడు.

"కాటన్ బిజినెస్" అన్నాను.

అది అబద్ధం. మేం దూదేకులవాళ్లం. మా నాయన మాబూసాబ్ భుజాన విల్లు వేసుకుని వీధి వీధి తిరిగి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. ముస్లింలమే అయినా ఇంట్లో మాది తెలుగే. ఇక్కడ మొదట్లో హైదరాబాదీలు నా ఉర్దూ విని నవ్వి, దూదేకులోడివా అని ఎగతాళి చేశారు. దాంతో ఆ సంగతే నోటమ్మట రానిచ్చేవాణ్ని కాదు. అన్ని ఫారాల్లోనూ, అందరి ముందూ కాటన్ బిజినెస్. నిజమైన దొర ముందు కూర్చుని పరుపులవాడి కొడుకునని చెప్పడానికి అసలే నోరు రాలేదు.

వరుస

ఆ చలికాలం శుక్రవారాలన్నీ ఒకే పొడుగాటి పొద్దులా గుర్తున్నాయి. కాంపౌండులో ఆయన ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉండేది. తెల్లటి పరదాలు లోపలికీ బయటికీ ఊగేవి. నేను జుమ్మా నమాజు వేళ దాకా కూర్చునేవాణ్ని. ఆయన ఒక్కో కాగితం చదివి అర్థం చెప్పేవాడు, నేను చీటీ రాసి నంబరు వేసేవాణ్ని. సున్నా నుంచి మొదలుపెట్టబోతే ఒప్పుకోలేదు, మా తాత సున్నా ఎలా అవుతాడని కోప్పడ్డాడు. సరే, ఒకటి నుంచే వేశాం.

ఒకటో దొర పడవలిచ్చినవాడు. రెండోవాడు గంటస్తంభం కట్టి, ఆ గంట మోతకు నిద్రపట్టక జబ్బుపడ్డాడు. మూడోవాడు పేకాటలో అడవి పోగొట్టాడు. నాలుగోవాడికి తేనెటీగలంటే ప్రాణం, పెళ్లాంకంటే ఎక్కువట. ఐదోవాడి కాలంలో ప్రజలు రాజు మీద తిరగబడ్డారు. బిరుదులు రద్దయ్యాయి, దొరల పట్టాలన్నీ ఊరి నడిమధ్య పోగేసి తగలబెట్టారు, ఐదో దొర తల తీశారు. చిన్న కొడుకును దాది పొరుగుదేశం తీసుకుపోయింది. ఏళ్లు గడిచి గొడవలు సద్దుమణిగాక ఆ పిల్లాడు పెద్దవాడై తిరిగొచ్చాడు. మళ్లీ రాజులొచ్చినప్పుడు, పాత రాజు ఇచ్చిన ఆ మేకతోలు పట్టా అటక మీద దొరికిందని చూపించి ఆరో దొర అయ్యాడు. అక్కడి నుంచి పదకొండు దాకా వరుస తెగలేదు.

ఐదుకూ ఆరుకూ నడుమ ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల మిగిలిపోయింది. ఐదో దొర పెద్దకూతురు, మతిల్ద్. ఆ గొడవలప్పుడు పందొమ్మిదేళ్లు. ఆమె గురించి వాళ్లింట్లో చెప్పుకునేది ఒకటే, మంచం దిగని అత్త అని. సిపాయిలు ఇల్లు సోదా చెయ్యడానికి వచ్చినా, ఒంట్లో బాగాలేదని మంచం మీదే పడుకునేదట. అలా తొమ్మిదేళ్లు. బద్ధకస్తురాలనేవాళ్లు కొందరు, పిచ్చిదనేవాళ్లు కొందరు. ఎతియెన్ గారి చిన్నప్పుడు ఆలస్యంగా లేస్తే, మతిల్ద్ అత్త పూనిందా అని తిట్టేవాళ్లట. ఆయన నవ్వుతూ చెప్పాడు, నేనూ నవ్వాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తే కల వచ్చింది. దొరలందరూ పట్టుబట్టల్లో మా ఆఫీసు కౌంటరు ముందు ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులు చేత పట్టుకుని వరుసగా నిలబడ్డారు. నేను పేరు పేరునా పిలిచి డ్రాయింగులిస్తున్నాను. అందరికంటే వెనక ఒకామె నెత్తిన పరుపు పెట్టుకుని నిలబడింది. నీ నంబరెంతమ్మా అంటే మాట్లాడదు. లేచాక రాజేశానికి చెబితే, బిర్యానీ ఎక్కువైందన్నాడు.

నా తప్పు

గడువు ఇంకో వారం ఉందనగా ఒక కట్టలో మతిల్ద్ తమ్ముడికి రాసిన ఉత్తరం దొరికింది. రెండు ప్రతులున్నాయి. ఒకటి వణికే చేతిరాత, కొట్టివేతలు, మరకలు. రెండోది ముత్యాల్లాంటి అక్షరాలు, పైన కాపీ అని ఉంది, ఆరో దొర గుమాస్తా రాసింది. నాకు ఫ్రెంచి రాదు. కానీ తేదీ ఒకటే, మొదటి మాటలూ చివరి మాటలూ ఒకటే. ఆయన వంటింట్లో కాఫీ పెడుతున్నాడు. పాతది, కొత్తది అని మనసులో అనుకున్నానో లేదో, చెయ్యి జేబులోకి పోయింది.

టక్కుమని శబ్దమయ్యాకగానీ నాకు తెలివి రాలేదు. రెండు వందల ఏళ్ల నాటి ఉత్తరం మీద ఎర్రగా, తడిగా, 'సూపర్‌సీడెడ్'.

దాచెయ్యొచ్చు. అది నిజం, దాచెయ్యొచ్చు. కట్ట అడుగున తోసేస్తే ఆయన బతికుండగా చూసేవాడు కాదు. ఆయన ఆ ఉత్తరాన్ని ఎప్పుడూ కాపీలోనే చదివాడు. తోయబోయాను కూడా. ఎందుకో రాజేశం నడుం పట్టుకుని లేవడం కళ్ల ముందు మెదిలింది. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, ఉత్తరం చూపించి, "నేనే చేశాను" అన్నాను.

ఆయన కాఫీ గిన్నె కింద పెట్టాడు. ఉత్తరం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. వెనక్కు తిరగకుండానే మెల్లగా, "దయచేసి బయటికి వెళ్లండి" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. నేను వెళ్లి సముద్రపు గట్టు మీద కూర్చున్నాను. ఇన్నేళ్ల సర్వీసులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఏడుపు కూడా వచ్చింది, దాచడం దేనికి.

జుమ్మాకు లేవబోతుంటే ఆయనే వచ్చాడు. చేతిలో అదే ఉత్తరం.

"ముద్ర ఎంత లోతుకు దిగిందో చూద్దామని అక్షరం అక్షరం చదివాను" అన్నాడు. "కాపీలో లేని వాక్యం ఒకటుంది ఇందులో. గుమాస్తా వదిలేశాడు, లేదా వదిలెయ్యమన్నారు. 'తమ్ముడూ, తొమ్మిదేళ్లు మన ఇంటి మీదే పడుకున్నాను, ఇప్పుడు లేస్తున్నాను.' ఇంటి మీద పడుకోవడమేంటి? పాపం, నిజంగానే మతి పోయిందేమో."

నాకూ అర్థం కాలేదు. నమాజులో కూర్చున్నాను గానీ ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

నాలుగు వేళ్లు

తిరిగి వెళ్లేసరికి ఆయన రాజుగారి పట్టా బల్ల మీద పరిచి ఉంచాడు. అంతకుముందు దాన్ని ప్లాస్టిక్ సంచిలోనే చూశాను, విప్పి చూడటం అదే మొదలు. తోలు నిండా చిన్న చిన్న చిల్లులు. పురుగు తినేసిందని వాళ్లింట్లో అందరూ అనుకునేవాళ్లు.

నేను చూస్తూ నిలబడిపోయాను. పురుగుకు వరుస ఉండదు. ఇవి వరుసలో ఉన్నాయి. నా కుడిచేతి నాలుగు వేళ్లు దగ్గరగా పెట్టి ఒక చిల్లు పక్కన ఆనించాను. చిటికెన వేలు దాటగానే రెండో చిల్లు. మళ్లీ ఆనించాను. మూడో చిల్లు.

మా నాయన ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. దబ్బనం పైనుంచి దించి, కింద లాగి, నాలుగు వేళ్లు కొలిచి, మళ్లీ దించేవాడు. అంతకంటే ఎడమైతే దూది జరుగుతుంది, దగ్గరైతే ఒంటికి గట్టిగా తగులుతుంది అనేవాడు. ఎప్పుడూ టేపు పెట్టి కొలవలేదు. చెయ్యే కొలత.

ఆయన అనుమతి అడిగి, పట్టాను పాత మడతల మీదే నాలుగు మడతలు వేశాను. చిల్లులన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. వెలుతురుకు ఎత్తితే అటు నుంచి ఇటు సముద్రం కనిపించింది.

"ఇది పురుగు కాదు సార్, దబ్బనం. దీన్ని పరుపులో పెట్టి కుట్టారు" అన్నాను.

"మీకెలా తెలుసు?"

"మా నాయనకు కాటన్ బిజినెస్ లేదు సార్. పరుపులు కుట్టేవాడు. దారం అందించింది నేనే."

ఆయన నన్ను చూశాడు, మడత పెట్టిన పట్టాను చూశాడు, ఎర్ర ముద్ర పడిన ఉత్తరాన్ని చూశాడు. తొమ్మిదేళ్లు మన ఇంటి మీదే పడుకున్నాను. ఇల్లంటే వంశం, వంశమంటే ఈ పట్టా. సిపాయిలు గదిలోకి వచ్చి అరలు లాగి, పెట్టెలు బోర్లించి వెతుకుతుంటే ఆ పిల్ల దాని మీదే కదలకుండా పడుకుంది. తమ్ముడు తిరిగొచ్చాక పరుపు విప్పి తీసిచ్చింది. వాడు అటక మీద దొరికిందన్నాడు. ఆమె బద్ధకస్తురాలిగా మిగిలిపోయింది.

ఎతియెన్ గారు కుర్చీలో కూలబడ్డాడు. "రెండు వందల ఏళ్లు ఆమెను చూసి నవ్వాం" అన్నాడు. "నేనూ నవ్వాను." ఆయన కళ్లు నిండాయి. ఆ క్షణంలో మతిల్ద్ ఒక్కతే ఆయన మనసులో లేదని నాకు తెలిసింది.

ఇక జాబితా సంగతి. ఆరు నుంచి అందరి నంబర్లూ మార్చాలా అని అడిగాడు. మా పనిలో ఒకసారి వేసిన నంబరు కదపకూడదు, నడుమ చేరిస్తే ఐదు-ఏ అని వేస్తామన్నాను. రాతి మీద ఐదు-ఏ ఏంటయ్యా అని ఆ కన్నీళ్లలోనే నవ్వాడు. చివరికి ఐదుకూ ఆరుకూ మధ్య నంబరు లేకుండా రాశాడు: 'మతిల్ద్, ఇంటిని కాపాడింది.' అట్టడుగుకు వచ్చి తన పేరు దగ్గర పెన్ను ఆపాడు. 'ఆఖరివాడు' అన్న మాటను అడ్డంగా కొట్టేశాడు.

వెంటనే ఫోను తీశాడు. పండగ కాదు, ఏమీ కాదు. అవతల క్లేర్ భయపడిందేమో, ఈయన కాదు కాదంటూ సర్దిచెప్పాడు. ఆ తర్వాత ఫ్రెంచిలో ఏం చెప్పాడో నాకు తెలియదు. మతిల్ద్ అన్న పేరు చాలాసార్లు వినిపించింది. నేను వరండాలోకి వచ్చేశాను. రెండు నిమిషాల ఫోను పొద్దు వాలాక వినిపించే అస్ర్ బాంగు దాకా సాగింది.

కొత్తవాళ్లకు

ఇందులో మీకు చెప్పాల్సినవి పెద్దగా లేవు. కొత్త ప్రతి ఎప్పుడూ సరైనదే అని నమ్మొద్దు, పాతదాంట్లో లేనిది కొత్తదాంట్లో ఏముందో చూడటం కాదు, పాతదాంట్లో ఉన్నదేం పోయిందో చూడండి. ముద్ర జేబులో పెట్టుకోవద్దు, సొరుగులో పెట్టండి. లేచి వెళ్లి తెచ్చుకునే లోపు బుద్ధి పనిచేస్తుంది. తప్పు చేస్తే కాఫీ చల్లారకముందే చెప్పండి. మీ నాయన ఏం పని చేశాడో దాచకండి. ఈ ఒక్కటీ నాకు ఎవరూ చెప్పలేదు.

ఎతియెన్ గారు రెండేళ్ల కిందట ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. కూతురు ఇంటి పక్క వీధిలోనే ఉండేవాడు. నెలకోసారి మెసేజ్ పెట్టేవాడు, ప్రతిసారీ నా ఇంగ్లీషులో ఒక తప్పు పట్టేవాడు. పోయిన నెల మెసేజ్ రాలేదు. నిన్న పొద్దున సముద్రం దగ్గర కూర్చుని ఉండగా క్లేర్ రాసింది. నిద్రలోనే పోయాడట. ఫలకం ఫోటో పంపింది. మతిల్ద్ పేరు ఉంది. ఎతియెన్ పేరు ఉంది, దాని కింద రాయి ఖాళీగా ఉంది. ఎర్ర ముద్ర ఉత్తరాన్ని తండ్రి అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నాడట, వచ్చినవాళ్లందరికీ నా పేరు చెప్పేవాడట.

చివర్లో ఆమె ఇలా రాసింది: "పట్టా నాకే ఇచ్చి పోయారు. ఏ ఆఫీసులోనూ దానికి విలువ లేదు, నా పేరు మీదికి రాదు. మ్యూజియం వాళ్లు అడిగారు, ఇవ్వనన్నాను. దాన్ని మళ్లీ పరుపులోనే పెట్టి కుడతాను. ఉన్ని కొన్నాను, దబ్బనం కొన్నాను. పాత చిల్లుల్లోంచే కుట్టాలని ఉంది, మిగతా పరుపంతా కూడా అదే కొలతలో రావాలి. ఎంత ఎడంలో కుట్టాలి?"

రాజేశం పక్కనే ఉన్నాడు. చదివి వినిపించాను. నా వీపు మీద చెయ్యి వేశాడు. మంచులో ఆ మంట అలాగే వేలాడుతోంది. అక్షరాలు మసకబారితే కళ్లు తుడుచుకుని జవాబు రాశాను: "నాలుగు వేళ్లు. మీ చేతివే. దారం గట్టిది వాడండి."

కింద నా పేరు రాశాను. పేరు పక్కన, ఇరవై ఆరేళ్లలో ఏ ఫారంలోనూ రాయని మాట రాశాను: పరుపులు కుట్టే మాబూసాబ్ కొడుకు.